మన దేశంలో మొదట కారు "తయారు" చేసింది ఎవరు? ఒక పాత మెకానిక్ సమాధానం

మీ ప్రశ్నను ఒకసారి నా మాటల్లో చెప్పుకుంటాను. మీ తాతగారి రైసుమిల్లు షెడ్డులో హిందుస్థాన్ మోటార్స్ వాళ్ల పాత ల్యాండ్‌మాస్టర్ ఒకటి పడి ఉంది. అది "మన దేశంలో తయారైన కారు" అంటారు తాతగారు. "పేరే మనది, కారు ఇంగ్లీషువాళ్లది, ఇక్కడ బోల్టులు బిగించారంతే" అంటారు మీ బాబాయి. ఇద్దరిలో ఎవరి మాట నిజం? అసలు మొదట కారు చేసింది హిందుస్థాన్ మోటార్సా, ప్రీమియరా? ఆ బండిలో మనవాళ్లు చేసింది ఎంతో కనిపెట్టే దారి ఉందా?

ముందు సూటిగా చెప్పేస్తాను. కంపెనీ పుట్టిన ఏడాది చూస్తే హిందుస్థాన్ మోటార్స్ (1942) ముందు, ప్రీమియర్ (1944) తర్వాత. కానీ కార్లు బిగించడం ఇక్కడ 1928 నుంచే ఉంది. కార్లు తయారు చేయడం మాత్రం 1950ల దాకా సరిగ్గా మొదలుకాలేదు. తాతగారూ బాబాయీ ఇద్దరూ సగం సగం కరెక్టు. మీ ల్యాండ్‌మాస్టర్ సరిగ్గా ఆ బిగింపు కాలానికీ తయారీ కాలానికీ మధ్యలో వచ్చిన బండి. అందుకే ఈ ప్రశ్నకి జవాబు మీ బానెట్ కిందే ఉంది. చివర్లో దాని దగ్గరకు వస్తాను.

నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాదు. 1972లో బెజవాడలో ఒక షెడ్డులో పానాలు అందించే కుర్రాడిగా చేరాను. అంబాసిడర్, ఫియట్, హెరాల్డ్, జీపు — మారుతి రాకముందు రోడ్డు మీద తిరిగిన ప్రతి బండినీ విప్పి బిగించాను. ఇప్పుడు పదిహేనేళ్లుగా పాత కార్లు బాగుచేసే పని మాత్రమే చేస్తున్నాను. భాగాల మీద పోతపోసిన అక్షరాలు చదువుతూ చదువుతూ ఈ చరిత్ర మీద పిచ్చి పట్టింది. కాగితాల్లో దొరికింది తర్వాత చదువుకున్నాను.

బిగించడం వేరు, తయారు చేయడం వేరు

ఇది తేల్చుకోకపోతే వాదన ఎప్పటికీ తెగదు. విదేశం నుంచి కారు మొత్తం విడి భాగాలుగా పెట్టెల్లో వస్తుంది. దీన్నే సి.కె.డి. అంటారు. ఇక్కడ బాడీ అతికి, రంగు కొట్టి, ఇంజన్ దించి, టైర్లు వేసి తోలుకుపోతారు. ఇది బిగింపు. జనరల్ మోటార్స్ 1928లో బొంబాయి శివ్డీలో ఈ పని మొదలుపెట్టింది. ఆ వెంటనే ఫోర్డ్ బొంబాయి, మద్రాసు, కలకత్తాల్లో మొదలుపెట్టింది. మన పెద్దవాళ్లు చెప్పే షెవర్లే బస్సులు, ఫోర్డ్ కార్లు చాలావరకు అలా వచ్చినవే. పూర్తి బండిని ఓడలో తెస్తే చోటు ఎక్కువ, పన్ను ఎక్కువ. పెట్టెల్లో తెస్తే రెండూ కలిసొస్తాయి. అంతకుమించి దేశానికి ఒరిగిందేమీ లేదు.

తయారీ అంటే ఇనుము కరిగించి ఇంజన్ బ్లాకు పోతపోయడం, క్రాంకు ఫోర్జింగ్ చేయడం, గేర్ల పళ్లు కోయడం, రేకును ప్రెస్సులో కొట్టి తలుపు, మడ్‌గార్డు, టాపు తీయడం. బ్లాకు పోతపోయడం బయటివాళ్లకు సులువనిపిస్తుంది. లోపల నీళ్లు తిరిగే ఖాళీలన్నీ ఇసుక కోర్లతో రావాలి, గోడ మందం ఎక్కడా తేడా రాకూడదు. రీబోరింగ్ చేసేవాళ్లను అడగండి, కోరు కాస్త జరిగిన బ్లాకును నలభై థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) ఓవర్‌సైజుకు కోస్తే ఏమవుతుందో చెబుతారు. ఈ పనులు ఇక్కడ ఎప్పుడు మొదలయ్యాయి అన్నదే అసలు ప్రశ్న.

ఒక పిట్టకథ, బెజవాడవాణ్ణి కాబట్టి చెప్పకుండా ఉండలేను. మద్రాసు సింప్సన్ కంపెనీ 1903లోనే ఒక ఆవిరి కారు కట్టింది. రెండేళ్లకు ఆవిరి బస్సు కట్టింది. ఆ బస్సు తిరిగింది ఎక్కడనుకున్నారు? బెజవాడ నుంచి బందరుకు. ఇవి ఒకటీ అరా చేత్తో కట్టిన బళ్లు, పరిశ్రమ అనలేం. కానీ ఇప్పుడు బందరు రోడ్డు ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడల్లా నాకు ఆ బస్సే గుర్తొస్తుంది.

విశ్వేశ్వరయ్య, వాల్‌చంద్: కాగితం మీద ఆగిపోయిన కారు

కారు ఇక్కడే తయారు చేయాలని గట్టిగా పట్టుబట్టిన మొదటి పెద్దమనిషి మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఇంటిపేరు మన గిద్దలూరు వైపు ఊరిదే. మూసీ వరదల తర్వాత హైదరాబాదుకు రక్షణ పథకం వేసిన ఇంజనీరుగానే మనకు తెలుసు. 1935లో, డెబ్బై దాటిన వయసులో, ఆయన యూరప్, అమెరికా తిరిగి కార్ల ఫ్యాక్టరీలు చూసి వచ్చి బొంబాయిలో ఒక ఫ్యాక్టరీకి పథకం రాశారు. డబ్బు, మనుషులు చూసుకోవడానికి ముందుకొచ్చినవాడు బొంబాయి పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్. 1937లో బొంబాయిలో వచ్చిన కాంగ్రెస్ ప్రభుత్వం సాయం చేయడానికి సిద్ధపడింది. 1939లో యుద్ధం విషయమై ఆ ప్రభుత్వమే రాజీనామా చేసింది. ఢిల్లీలోని బ్రిటిష్ ప్రభుత్వం మాత్రం మొదటి నుంచీ మొహం చాటేసింది.

వాల్‌చంద్ అమెరికా వెళ్లి ఫోర్డ్‌ను అడిగాడు. ఇండియా హక్కులు ఫోర్డ్ కెనడా కంపెనీ చేతిలో ఉన్నాయి, అక్కడ పని కాలేదు. చివరికి క్రైస్లర్ ఒప్పుకుంది. ఆ ప్రయాణంలోనే విమానంలో ఒక అమెరికన్ విమానాల వ్యాపారి పరిచయమయ్యాడు. ఆ పరిచయం నుంచి 1940లో బెంగళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ పుట్టింది, అదే ఇప్పటి హెచ్.ఎ.ఎల్. 1941లో అదే వాల్‌చంద్ విశాఖలో సింధియా షిప్‌యార్డుకు పునాది వేయించాడు. అంటే కారు కోసం బయల్దేరిన మనిషి ముందు విమానం, తర్వాత ఓడ మొదలుపెట్టాడు. కారుకు, అంటే ప్రీమియర్ కంపెనీకి, 1944 దాకా ఆగాల్సి వచ్చింది! యుద్ధానికి విమానం కావాలి, ఓడ మరమ్మతు కావాలి, కాబట్టి వాటికి దారి దొరికింది. కారు ఫ్యాక్టరీ యుద్ధానికి పనికొచ్చేది కాదని పక్కన పెట్టేశారు. అప్పుడే కట్టనిచ్చి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం గానీ, పదేళ్లు పోయాయన్నది మాత్రం లెక్కకు తేలే విషయం.

స్వాతంత్ర్యం నాటికి ఎవరెక్కడ

బిర్లాల హిందుస్థాన్ మోటార్స్ 1942లో పుట్టింది. మొదటి షెడ్డు గుజరాత్‌లోని ఓఖా రేవులో. రేవు పక్కన ఫ్యాక్టరీ ఎందుకు పెడతారు? పెట్టెలు ఓడ దిగుతాయి కాబట్టి. నా దృష్టిలో ఆ చోటే చెబుతుంది అది బిగింపు షెడ్డని. మోరిస్ టెన్ కారును అక్కడ "హిందుస్థాన్ 10" పేరుతో బిగించారు. 1948లో కలకత్తా దగ్గర ఉత్తరపారాకు మారారు. అటు బొగ్గు, ఉక్కు దగ్గర. తయారీ ఉద్దేశం ఉంటేనే ఎవరైనా అటు పోతారు.

ప్రీమియర్ బొంబాయి కుర్లాలో 1947లో డాడ్జ్, ప్లిమత్ బళ్లు బిగించడంతో మొదలైంది. క్రైస్లర్ స్నేహం అన్నమాట. మన రోడ్లకు, జేబులకు ఆ అమెరికన్ కారు పెద్దదైపోయింది. 1950ల మొదట్లో ఫియట్ వైపు తిరిగారు. 1954లో వచ్చిన ఫియట్ 1100తో కథ దారిలో పడింది.

మద్రాసులో 1948లో స్టాండర్డ్ మోటార్ ప్రాడక్ట్స్, అదే ఏడాది అశోక్ మోటార్స్ వచ్చాయి. అశోక్ మోటార్స్ ఎన్నూరులో ఆస్టిన్ ఎ40 కార్లు బిగించింది. తర్వాత ట్రక్కుల వైపు వెళ్లి 1955లో అశోక్ లేలాండ్ అయింది. మన ఆర్టీసీ బస్సుల ముక్కు మీద పేరుకి వెనక ఒక చిన్న ఇంగ్లీషు కారు ఉందని ఈ తరంవాళ్లకు తెలియదు. మహీంద్రావాళ్లు విల్లీస్ జీపు బిగించేవారు. ఆ కంపెనీ మొదటి పేరు మహీంద్రా అండ్ మొహమ్మద్. మొహమ్మద్ గారు దేశ విభజన తర్వాత పాకిస్థాన్‌కు తొలి ఆర్థికమంత్రి అయ్యారు. ఇంగ్లీషులో ఎం. అండ్ ఎం. అన్న అక్షరాలు మార్చే పని లేకుండా ఇక్కడ రెండో పేరు కూడా మహీంద్రా అయింది.

అసలు మలుపు 1953

నన్నడిగితే మన కార్ల పరిశ్రమ పుట్టింది ఓఖాలో కాదు, కుర్లాలో కాదు, ఢిల్లీలో ఒక ఫైలు మీద. 1949లోనే పూర్తిగా తయారైన కార్ల దిగుమతి ఆపేశారు. 1953లో టారిఫ్ కమిషన్ రిపోర్టు వచ్చింది. దాని సారం ఒక్క మాటలో: ఇక్కడే క్రమంగా అన్నీ తయారు చేస్తామని కార్యక్రమం చూపించినవాళ్లే ఉండండి, బిగించి అమ్ముకునేవాళ్లు దుకాణం మూసుకోండి. ప్రభుత్వం ఒప్పుకుంది. జనరల్ మోటార్స్, ఫోర్డ్ వెళ్లిపోయాయి.

వాళ్లు పారిపోయారని కొందరు, మనం తరిమేశామని కొందరు అంటారు. వ్యాపారం లెక్కలో చూస్తే వాళ్ల నిర్ణయం సబబే. ఏడాదికి దేశమంతా కలిపి అమ్ముడయ్యే కార్లు కొన్ని వేలు. దాన్ని ఐదారు కంపెనీలు పంచుకోవాలి. ఒక బాడీకి కావలసిన డైలకు (రేకును నొక్కి ఆకారం తెచ్చే అచ్చులకు) అయ్యే ఖర్చు వెయ్యి కార్లు చేసినా లక్ష చేసినా ఒకటే. లక్షల మీద పంచుకునే అలవాటున్న డెట్రాయిట్‌వాడికి మన వేలు ఏ మూలకు వస్తాయి? అయితే అదే నిర్ణయం లేకపోతే మనం ఇంకో ముప్పై ఏళ్లు పెట్టెలు విప్పుతూనే ఉండేవాళ్లం. దీనివల్ల నష్టం జరగలేదని అనను. దాని సంగతి తర్వాత చెబుతాను. కానీ ఆ రోజుకు అది సరైన పనే అని నా నమ్మకం.

ఆ షరతు వల్ల పుట్టిన అసలు ఆస్తి కారు కాదు, కారు చుట్టూ లేచిన చిన్నా పెద్దా ఫ్యాక్టరీలు. టైర్లు ముందే ఉన్నాయి, డన్‌లప్ 1936 నుంచి సాహాగంజ్‌లో చేస్తోంది. మద్రాసులో ఇండియా పిస్టన్స్ 1949లో వచ్చింది. బెంగళూరులో 1951లో మైకో వచ్చింది, ప్లగ్గులకు, డీజిల్ పంపులకు. లూకాస్-టి.వి.ఎస్., వీల్స్ ఇండియా, బ్రేక్స్ ఇండియా వరసగా 1960ల మొదట్లో మద్రాసు చుట్టుపక్కలే లేచాయి. నేను షెడ్డులో చేరేసరికి "మద్రాసు నుంచి సామాను వచ్చిందా" అన్నది మా రోజువారీ మాట. రాత్రి లారీకి పార్సిల్ వేస్తే పొద్దున్నకు బెజవాడలో ఉండేది. మద్రాసుకు దగ్గరగా ఉండటం మా ఆటోనగర్ పెరగడానికి ఒక కారణం అని నేను అనుకుంటాను.

ఏ భాగం ముందు స్వదేశీ అయింది, ఏది చివర అయింది అన్నదానికీ ఒక వరస ఉంది. టైర్లు, బ్యాటరీ, సీట్లు, కమాను పట్టీలు, రంగు ముందు. రేడియేటరు, చక్రాలు, పిస్టన్లు, రింగులు తర్వాత. ఆ పైన ఇంజన్, గేరుబాక్సు. డైనమో, డిస్ట్రిబ్యూటరు, కార్బురేటరు, మీటర్లు బాగా ఆలస్యం. బాడీకి కావలసిన మెత్తని వెడల్పాటి రేకు అన్నిటికన్నా పెద్ద తలనొప్పి. ప్రెస్సులో లోతుగా లాగినా చిరగని రేకు చేయడం బ్లాకు పోతపోయడం కన్నా కష్టం.

మూడు రకాల పానాలు

ఇది ఏ పుస్తకంలోనూ చూడలేదు, మా షెడ్డు గోడ మీద చూశాను. మా మేస్త్రి గోడకు మూడు చెక్కలు కొట్టి మూడు సెట్ల పానాలు వేలాడదీసేవాడు. పాత ఇంగ్లీషు కార్లకు విట్‌వర్త్ కొలతవి. అంబాసిడర్‌కు, జీపుకు ఇంచీల కొలతవి — ఏడు పదహారు, అర, తొమ్మిది పదహారు అంటూ. ఫియట్‌కు మిల్లీమీటర్లవి. ఒకే దేశం, ఒకే రోడ్డు, మూడు కొలతలు! చేరిన మొదటి నెలలో ఒక పాత ఇంగ్లీషు కారు హెడ్డు నట్టుకు ఇంచీ పానా వేసి గట్టిగా లాగాను. నట్టు మూలలు గుండ్రంగా అరిగిపోయాయి. మేస్త్రి నెత్తి మీద ఒక్కటిచ్చి, "ముందు బండి ఏ దేశందో కనుక్కో, తర్వాత పానా తియ్యి" అన్నాడు.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ గోడే మన పరిశ్రమ పటం. ఒక్కో కంపెనీ ఒక్కో దేశం మోడల్ పట్టుకుంది. ఒకదాని బోల్టు ఇంకోదానికి పట్టదు. విడిభాగాలు చేసే ఫ్యాక్టరీవాడు ఒకే రకం లక్ష చేసే బదులు పది రకాలు పదేసి వేలు చేయాలి. మార్కెట్టే చిన్నది, దాన్ని మళ్లీ ముక్కలు చేశాం. ధర ఎక్కువ, నాణ్యత అంతంతమాత్రం అవడానికి నా లెక్కలో ఇది మొదటి కారణం. లైసెన్సుల సంగతి అందరూ చెబుతారు గానీ దీని గురించి ఎవరూ మాట్లాడరు.

మరి నలభై ఏళ్లు అదే కారు ఎందుకు?

మీరు అడగలేదు గానీ మీ ప్రశ్న కింద వ్యాఖ్యల్లో ఇద్దరు ముగ్గురు అడిగారు కాబట్టి చెబుతాను. అంబాసిడర్ 1957లో వచ్చింది, బ్రిటన్‌లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ దాని మాతృక. అక్కడ 1959కల్లా ఆ మోడల్ ఆగిపోయింది. ఇక్కడ 2014 మే దాకా నడిచింది. ఫియట్ 1100డి ఇటలీలో 1966లో ఆగింది, ఇక్కడ 1974లో ప్రీమియర్ పద్మిని అని పేరు మార్చుకుని 2000 సంవత్సరం చుట్టుపక్కల దాకా బతికింది.

"సోమరితనం" అని ఒక్క మాటలో తేల్చేస్తారు కొందరు. పోటీ లేకపోవడం నిజమే. కానీ ఆ కాలం తెలిసినవాళ్లు ఇంకో నాలుగు విషయాలు కలుపుకోవాలి. అంబాసిడర్ వచ్చిన సమయానికే విదేశీ మారకం నిల్వలు కరిగిపోయాయి. రెండో పంచవర్ష ప్రణాళికలో ఫ్యాక్టరీలకు యంత్రాలు కొనడానికే పౌండ్లు చాలలేదు, కారు డైలకు ఎవరిస్తారు? ప్రభుత్వం దృష్టిలో కారు విలాసం. లారీ, బస్సు అవసరం. ఉన్న డబ్బు అటు పోయింది. ఏడాదికి ఇన్ని కార్లే చేయాలని లైసెన్సులో రాసి ఉంటుంది. 1969లో ధర కూడా ప్రభుత్వమే నిర్ణయించింది, పదిహేను వేల రూపాయల చుట్టూ. కంపెనీలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి, అదో పెద్ద కథ. ధర కట్టేసి, సంఖ్య కట్టేసి, దిగుమతి కట్టేస్తే కొత్త డైలు ఎక్కణ్ణుంచి వస్తాయి? 1980 వచ్చేసరికి కూడా దేశమంతా కలిపి ఏడాదికి ముప్పై వేల చుట్టూనే కార్లు.

దీనికి ఇంకో పక్క కూడా చెప్పాలి. కారు కావాలంటే డిపాజిట్ కట్టి ఏళ్ల తరబడి వెయిటింగు. గుడివాడ దగ్గర ఒక డాక్టరుగారు పెళ్లయిన కొత్తలో ఫియట్ బుక్ చేస్తే, పెద్దమ్మాయి స్కూలుకు వెళ్లే వయసులో కారు వచ్చింది. డెలివరీ తీసుకున్న రోజే కొన్న ధర కన్నా ఎక్కువిస్తామని ఇద్దరు బేరానికి వచ్చారు. ఎలా చేసినా అమ్ముడుపోయే చోట బాగా చేయాలన్న టెన్షన్ ఎవరికుంటుంది? షోరూం నుంచి నేరుగా మా షెడ్డుకే వచ్చిన కొత్త కార్లు చూశాను. తలుపు పట్టదు, రంగు కింద రేకు మీద సుత్తి దెబ్బలు కనబడతాయి. ఏ కంపెనీవో ఇప్పుడు అనవసరం. "కొత్త బండి చెకింగ్" అని మాకు ఒక రేటే ఉండేది.

అయినా ఆ రోజుల్లో మనవాళ్లు సొంతంగా ఏమీ చేయలేదనుకుంటే తప్పు. స్టాండర్డ్ హెరాల్డ్ చూడండి. ఇంగ్లండ్‌లో హెరాల్డ్‌కు ఎప్పుడూ రెండే తలుపులు. నాలుగు తలుపుల హెరాల్డ్ మద్రాసులో మాత్రమే పుట్టింది. ఎలా సాధ్యమైంది? ఆ కారుకు కింద విడిగా చాసిస్ ఉంటుంది, బాడీ ముక్కలు దాని మీద బోల్టులతో కూర్చుంటాయి. అంబాసిడర్ బాడీ అంతా ఒకే పెట్టె, దాన్ని మార్చాలంటే పెద్ద డైలు కావాలి. హెరాల్డ్‌కు ఆ బాధ తక్కువ. దొరికిన సందులో మద్రాసు ఇంజనీర్లు పనితనం చూపించారు. తర్వాత 1972 ప్రాంతంలో వచ్చిన గెజెల్‌కు వెనక యాక్సిల్ కూడా మార్చారు. పని చేసేవాడికి ఆ తేడా చాలా పెద్దది. అమ్మకాలు మాత్రం ఎప్పుడూ పైకి లేవలేదు.

అంబాసిడర్ డీజిల్ కూడా అంతే. 1980 ప్రాంతంలో డీజిల్ ఇంజన్ పెట్టినప్పుడు నవ్వారు, కారా ట్రాక్టరా అని. ఆ ఇంజనే మన పల్లెటూరి టాక్సీని బతికించింది. ఒక్క కారులో పన్నెండు మంది పెళ్లివారిని దించిన డ్రైవర్లు నాకు తెలుసు.

మారుతి కథ అందరికీ తెలిసిందే. 1983 డిసెంబరు నుంచి లెక్క మారిపోయింది. అయితే ఒక్క మాట. సుజుకీ వచ్చాక విడిభాగాలు ఇక్కడే చేయించగలిగారంటే, 1953 నుంచి పిస్టన్లు, రింగులు, చక్రాలు, బ్రేకులు చేస్తూ చేతులు కాల్చుకున్న ఫ్యాక్టరీలు, ఆ పని తెలిసిన మనుషులు అప్పటికే దేశంలో ఉన్నారు.

ఇక మీ ల్యాండ్‌మాస్టర్

ఇది 1954లో వచ్చిన మోడల్. బాడీ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ రెండో సిరీస్‌ది. ఇక్కడ ఒక తమాషా ఉంది. ఇంగ్లండ్‌లో ఆ బాడీలో కొత్త 1489 సీసీ, వాల్వులు సిలిండర్ల పైన ఉండే ఓవర్‌హెడ్ వాల్వు ఇంజన్ పెట్టారు. ఇక్కడ మాత్రం అంతకుముందు హిందుస్థాన్ 14లో ఉన్న పాత 1476 సీసీ, వాల్వులు పక్కన ఉండే సైడ్ వాల్వు ఇంజనే పెట్టారు. బాడీ కొత్తది, గుండె పాతది. ఊరికే పెట్టెలు విప్పి బిగించేవాడైతే ఇంగ్లండ్‌లో ఏముంటే అదే దించుతాడు కదా? పాత ఇంజన్ పెట్టారంటే దానికి కావలసిన ఏర్పాటు ఇక్కడ అప్పటికే ఉందని నా లెక్క. మీ తాతగారి వాదనకు ఇదే పెద్ద బలం. మొదటి అంబాసిడర్‌కు కూడా ఈ సైడ్ వాల్వే ఉండేది, 1959లో గానీ ఓవర్‌హెడ్ రాలేదు.

ఏలూరు నుంచి ఒకాయన ఇలాంటి ల్యాండ్‌మాస్టరే తెచ్చినప్పుడు నేను చేసిన పని చెబుతాను, మీరూ అలాగే చూడండి. వైరు బ్రష్షు వద్దు, కిరోసిన్ గుడ్డతో మెల్లగా తుడవండి.

డైనమో, స్టార్టరు, డిస్ట్రిబ్యూటరు మీద లూకాస్ పేరు ఉంటుంది. ఒంటి మీద చిన్న అంకెలు కొట్టి ఉంటాయి, నెల, ఏడాది. పక్కన "మేడ్ ఇన్ ఇంగ్లండ్" ఉందా చూడండి. ఆయన బండికి డైనమో ఇంగ్లండ్‌ది, స్టార్టరు మాత్రం తర్వాత ఎవరో మార్చిన లూకాస్-టి.వి.ఎస్.ది. కాబట్టి ఒక్క భాగం చూసి తీర్పు చెప్పకండి. అరవై ఏళ్లలో ఎన్ని చేతులు పడ్డాయో! అద్దాల మూలన ముద్ర చూడండి. తర్వాత మీటర్ల డయల్ అడుగున సన్నటి అక్షరాలు. బ్లాకు పక్కన పోతలో ఉబ్బెత్తుగా వచ్చిన గుర్తులు అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే బ్లాకును ఎవరూ అంత తేలిగ్గా మార్చరు. బానెట్ కింద నంబరు ప్లేటు మీద కంపెనీ పేరు, చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు ఉంటాయి. ఇంజన్ నంబరు ఆర్.సి. పుస్తకంలోదానితో కలుస్తుందో లేదో చూసుకోండి. కలవకపోతే మధ్యలో ఇంజన్ మారిందన్నమాట.

ఆ ఏలూరు బండిలో నేను వేసిన లెక్క ప్రకారం బాడీ బిగింపు, సీట్లు, టైర్లు, పట్టీలు, బ్యాటరీ ఇక్కడివి. కరెంటు సామాను, మీటర్లు, అద్దాలు అక్కడివి. మీ బండిలో ఆ గీత కాస్త అటో ఇటో పడి ఉంటుంది. ల్యాండ్‌మాస్టర్ చివరి బళ్లలో ఇక్కడి సామాను ఎక్కువ.

తొందరపడి స్టార్ట్ చేయకండి. ఇన్నేళ్లు నిలబడిన ఇంజన్లో రింగులు పట్టేసి ఉంటాయి. ప్లగ్గులు తీసి, ఒక్కో రంధ్రంలో కాస్త పల్చటి ఆయిల్ పోసి, మూడు నాలుగు రోజులు వదిలేయండి. తర్వాత ప్లగ్గులు లేకుండానే హ్యాండిల్ వేసి చేత్తో తిప్పి చూడండి. బిగిసి ఉంటే బలవంతం చేయవద్దు. పానాల సంగతి పైన చెప్పాను కదా, నట్టు మీద వదులుగా కూర్చుంటే ఆపేయండి, అది వేరే కొలత. పెయింటర్ని పిలిస్తే ముందుగా ఆ నంబరు ప్లేటు విప్పి లోపల దాచండి. బ్లాకు పక్క గుర్తులు, డైనమో మీద అంకెలు ఫొటోలు తీసి ఇక్కడ పెడితే ఏ ఏడాది బండో దగ్గర దగ్గరగా చెబుతాను.